పగవాడి కొలతలు

పగ పట్టిన మనిషి పగవాడి నీడ కూడా సోకనివ్వడని లోకంలో ఒక అభిప్రాయం ఉంది. పోలీసు స్టేషనుకు ఎదురుగా యూనిఫాంలు కుట్టే కత్తెరమ్మ విషయంలో సదరు అభిప్రాయం చెల్లదు. ఆమె తన పగవాడిని ఏటేటా దుకాణంలోకి పిలిచి, టేపు మెడకు చుట్టి, కొలతలు తీసుకునేది. అతని ఛాతీ, నడుము, భుజాలు, కుడిచేతి మణికట్టు చుట్టుకొలత, అన్నీ ఆమెకు కంఠతా వచ్చు. సొంత మొగుడి చొక్కాకైనా ఒకసారి టేపు వెతుక్కునేది గానీ, ఇన్‌స్పెక్టరు చొక్కాకు అక్కర్లేదు.

ఆమెది ఇరుకైన గది. గోడ పొడవునా మేకులకు వేలాడే యూనిఫాంలు, ఇస్త్రీబల్ల, రెండు కుట్టుమిషన్లు. ఒకటి ఆమెది. రెండోదాని మీద పాత దుప్పటి కప్పి ఉండేది. అది ఆమె భర్తది. ఊరంతా ఆయనను మాష్టారు అని పిలిచేవారు, పిల్లలకు చదువు చెప్పినందుకు కాదు, గుడ్డ కత్తిరించడంలో ఆయనంతటివాడు ఆ చుట్టుపక్కల లేనందుకు. ఇప్పుడు ఆయన బల్ల దగ్గర కూర్చుని గుండీలు కుట్టేవాడు, ఇస్త్రీ చేసేవాడు. మిషను మాత్రం తొక్కడు. సూది కుట్టు జారితే మిషను చప్పుడు మారుతుంది, ఆ మార్పును చెవి పట్టుకుంటుంది, చెవి చెప్పగానే కాలు ఆగుతుంది. మంచి దర్జీకి చెవి మూడో చెయ్యి. మాష్టారికి ఎడమ చెవి పూర్తిగా పోయింది. కుడి చెవిలో మిగిలినది పిలిస్తే పలకడానికి సరిపోయేది గానీ, కుట్టు జారడం వినడానికి చాలేది కాదు.

ఆ చెవి పోయిన విధం ఇది. కొన్నేళ్ళ కిందట ఇన్‌స్పెక్టరు కొత్త యూనిఫాం వేసుకుని చూసుకోవడానికి వచ్చాడు. వెంట ముగ్గురు కానిస్టేబుళ్ళు. కాలరు గుండీ పట్టలేదు. "కొలత తప్పు తీశావురా" అన్నాడు ఇన్‌స్పెక్టరు. మాష్టారు కళ్ళజోడు సవరించుకుని టేపు చుట్టి చూసి, ఉన్న మాట ఉన్నట్టు చెప్పాడు. "కొలత సరిగ్గానే ఉంది. మెడ పెరిగింది సార్."

కానిస్టేబుళ్ళలో ఒకడు ఫక్కున నవ్వాడు. ఆ నవ్వుకు పడవలసిన దెబ్బ మాష్టారి చెంప మీద పడింది. అది ఒక్కటే దెబ్బ, కాని చెవి మీదుగా పడింది. మాష్టారు గోడకు కొట్టుకుని, కింద కూర్చుని, "ఏదో మోగుతోందే" అని భార్యతో అన్నాడు. కొన్నాళ్ళకు ఆ మోత కూడా ఆగిపోయింది.

ఫిర్యాదు పెట్టారు. విచారణలో ముగ్గురు కానిస్టేబుళ్ళూ ఒకే పలుకు పలికారు. మాష్టారు కాలు జారి బల్లకు కొట్టుకున్నాడట. సాక్ష్యం లేనందున ఫిర్యాదు కొట్టివేశారు. మరుసటి ఏడు ఇన్‌స్పెక్టరు మళ్ళీ యూనిఫాంకు గుడ్డ పంపితే, కత్తెరమ్మ నోరు మెదపకుండా తీసుకుని కుట్టింది.

దుకాణం మెట్టు పక్కన గొడుగులు బాగుచేసే ముసలాయన ఆ పూట ఉండబట్టలేకపోయాడు. ఆయనను అందరూ గొడుగు మామయ్య అనేవారు. నోటి దురుసు, మనసు మెత్తన.

"ఏం కోడలా, నీకు ఉప్పూ కారం పనిచెయ్యవా? మొగుడి చెవి పీకినోడికి కాజాలు కుడతావా?"

"పగ పట్టినదాన్ని నేను దూరంగా పోయి కూర్చుంటే, ఆ పగకి అన్నం ఎవరు పెడతారు మామయ్యా?" అంది కత్తెరమ్మ, నోట్లోని దారాన్ని పళ్ళతో తెంపుతూ.

"పెట్టు, పెట్టు. బలిసి నిన్నే తినేస్తుంది."

అలా కాలం గడుస్తుండగా విశ్వవిద్యాలయం వారి పరిశోధన ఒకటి ఆ స్టేషనుకు వచ్చింది. పోలీసుల ఛాతీ మీద చిన్న కెమెరా పెడతారు. అది ఎదుటి మనిషినీ, మాటనూ, చేతలనూ రికార్డు చేస్తుంది. ఏ డ్యూటీకి కెమెరా ఉండాలో, ఏ డ్యూటీకి ఉండకూడదో చీటీలు వేసి నిర్ణయిస్తారు. కెమెరా ఉన్న రోజులకూ లేని రోజులకూ దెబ్బల్లో, ఫిర్యాదుల్లో తేడా వస్తుందా రాదా అన్నది వారు తేల్చదలచిన విషయం. కెమెరాలు తగిలించడానికి యూనిఫాంల మీద పట్టీలు కుట్టే పని సహజంగానే కత్తెరమ్మకు వచ్చింది. ఆ పని చూడడానికి పరిశోధకురాలైన ఒక అమ్మాయి తరచుగా వచ్చి, ఫ్యాను కింద ముక్కాలిపీట మీద కూర్చునేది.

"కెమెరా ఉంటే కొట్టరా తల్లీ?" అని అడిగింది కత్తెరమ్మ మొదటి రోజునే.

"అదే తెలియదు ఆంటీ. కొన్ని ఊళ్ళల్లో తగ్గింది. కొన్ని ఊళ్ళల్లో ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. ఎందుకో ఎవరూ గట్టిగా చెప్పలేకపోతున్నారు."

"ఆపేసుకుంటే?"

"ఆపితే ఎప్పుడు ఆపారో దాన్లోనే పడిపోతుంది. ఎందుకు ఆపారో రాసివ్వాలి. ఎవరైనా ఫిర్యాదు ఇస్తే ఆ పూట రికార్డింగు తప్పనిసరిగా తీసి చూస్తారు."

కత్తెరమ్మ పట్టీ మీద రెండో వరస కుట్టు వేసింది.

కొద్ది రోజులకే వీధిలో విడ్డూరం మొదలయింది. ఇన్‌స్పెక్టరు ఛాతీ మీద ఎర్ర దీపం మిణుకుమన్న రోజున అందరూ ఆయనకు అయ్యలూ అమ్మలూ అయిపోయారు. దీపం లేని రోజున పాత నోరే, పాత చెయ్యే. గొడుగు మామయ్య పొద్దున్నే స్టేషను వైపు చూసి వాతావరణం చెప్పేవాడు. "ఇవాళ దీపముంది. ఎండ కాస్తుంది, తిరగండి." లేకపోతే, "ఇవాళ ఉరుములున్నాయి, గొడుగులు కొనుక్కోండి."

దీపమున్న అలాంటి ఒక రోజున ఇన్‌స్పెక్టరు దుకాణంలోకి వచ్చాడు. చేతులు రెండూ వెనక్కి కట్టుకుని, మాష్టారి వైపు వంగి, "బాగున్నారా అండీ మాష్టారుగారూ? ఆరోగ్యం ఎలా ఉందండీ?" అన్నాడు.

మాష్టారు గబగబా లేచి నిలబడ్డాడు. అతను వెళ్ళిన తరువాత కూడా చాలాసేపు చేతిలో గుండీ పట్టుకుని అలాగే ఉండిపోయాడు. "చూశావటే? మనిషి మారాడు. గారూ అన్నాడు నన్ను."

కత్తెరమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. "మారలేదండీ. ఆ గారు ఇన్నేళ్ళూ వాడి నోట్లోనే ఉంది. అరువు తెచ్చుకున్నది కాదు, కొత్తగా నేర్చుకున్నది కాదు. ఉండి కూడా మీకు ఇవ్వలేదు. ఆనాడు ఆ మాట ఒక్కటి అనుంటే మీ చెవి మీకుండేది."

మాష్టారు చేతిలోని గుండీనే తిప్పి తిప్పి చూసుకుంటున్నాడు. తాను ఆ మాటలన్నది ఆయన ఎడమ వైపున నిలబడి అని ఆమెకు ఆలస్యంగా గుర్తొచ్చింది. మళ్ళీ చెప్పడానికి మనసొప్పలేదు. కొట్టినవాడు కోపిష్ఠి అనీ, చెయ్యి అదుపులో లేనివాడనీ అనుకుని ఇన్నాళ్ళూ పగ పట్టింది. చెయ్యి అదుపులోనే ఉందని ఆ ఎర్ర దీపం రుజువు చేసింది. ఆనాటి నుంచి ఆమె పగకు నిద్ర లేదు.

అటు తరువాత ఇన్‌స్పెక్టరు మళ్ళీ వచ్చాడు, ఈసారి దీపం లేకుండా. షట్టరు సగం దింపాడు.

"ఏమమ్మా, ఈ కెమెరాకి ఒక మూత కుట్టాలి. దుమ్ము పడుతోంది."

"అలాగే సార్. ఎలా ఉండాలి?"

"జేబు మూతలాగా. పైకెత్తి టిచ్ బటన్ నొక్కితే ఎత్తి ఉండాలి. ఇలా లాగితే టక్కున పడిపోవాలి. దాన్ని ఆపక్కర్లేదు, దాని పాటికి అది నడుస్తుంటుంది. దుమ్ముకి మూతేశానంటే కాదనే మొగాడెవడు?"

"మాటలు వినపడతాయేమో కదా సార్?" అంది కత్తెరమ్మ, టేపు మెడలో వేసుకుంటూ.

"అరుపులదేముంది, రోడ్డు మీద అందరూ అరుస్తారు. చేతులు కనపడకూడదు. అర్థమైందా? నల్ల గుడ్డ వెయ్యి. మందంగా."

"నా చేతి కుట్టు మీకు తెలియందా సార్" అంది ఆమె.

అతను పోగానే ఆమె మాష్టారి ఫోను తీసుకుని గుడ్డముక్కల పెట్టె ముందు చతికిలబడింది. ఒక్కొక్క ముక్కనే ఫోను కెమెరా కంటికి ఆనించి చూసింది. లైనింగు గుడ్డ పెడితే చీకటి. పాలిస్టరు పెడితే చీకటి. చివరకు అంచులకు వాడే సన్నని నల్ల నెట్టు గుడ్డ చేతికి దొరికింది. బల్ల మీద పరిచి చూస్తే తారులాగా నల్లగా ఉంది. కెమెరా కంటికి బాగా ఆనించి పెట్టేసరికి గుడ్డ మాయమయి, పొగ చూరిన అద్దంలోంచి చూసినట్టు, మాష్టారి చెయ్యీ, చేతిలోని సూదీ, సూదిలోని దారమూ కనిపించాయి. గుమ్మానికి దగ్గరగా ఉంటే తెర వెనక నుంచి వీధంతా కనబడదూ, అదే తీరు.

మూత చుట్టూ మందపాటి గుడ్డ, కంటి ఎదుట మాత్రం నెట్టు. వెనకాల కెమెరా కూడా నల్లనిదే కాబట్టి బయటివారికి ఆ తేడా తెలియదు.

మాష్టారు పక్కనే కూర్చుని అంతా చూస్తూనే ఉన్నాడు. గుడ్డ విషయంలో ఆయనకు ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేదు.

"వాడు దొరుకుతాడు, సరే" అన్నాడు మెల్లగా. "దొరకాలంటే ముందు ఎవర్నో ఒకర్ని కొట్టాలి కదటే."

"దీపం లేని రోజున కొడుతూనే ఉన్నాడు కదండీ."

"అది వాడి పాపం. దీపమున్న రోజున కొట్టడం లేదు కదా, భయంతోనైనా. ఆ ఉన్న భయం కూడా నువ్వు తీసేస్తున్నావు. ఇది మన కుట్టు."

కత్తెరమ్మ నెట్టును మూత కొలతకు కత్తిరించింది. "దారం అందుకోండి" అంది. ఆయన అందించాడు.

మూత తొడిగించుకోవడానికి వచ్చిన రోజున ఇన్‌స్పెక్టరు దాన్ని వేళ్ళతో నలిపి చూశాడు. తరువాత ట్యూబులైటు వైపు ఎత్తబోయాడు. వెలుతురుకు పెట్టి చూస్తే జల్లెడ బయటపడుతుంది. కత్తెరమ్మ చేతిలోని గుండుసూది సరిగ్గా ఆ క్షణానే అతని భుజంలో దిగబడింది.

"అబ్బా! కళ్ళు నెత్తికెక్కాయా?"

"కదలొద్దన్నాను కదా సార్. మీరు చెయ్యెత్తితే భుజం కుట్టు పోతుంది" అని, మూతను అతని చేతిలోంచి తీసుకుని తానే ఛాతీ మీద బిగించింది. అతను రెండుసార్లు టక్కు టక్కుమనిపించి, సంతోషించి వెళ్ళాడు.

ఆ తరువాత కత్తెరమ్మ మిషను దగ్గర కూర్చున్నా చూపు ఎదుటి గుమ్మం మీదనే ఉండేది. స్టేషనులోంచి బయటికి వచ్చే ప్రతి మనిషి చెంపా చూసేది. ఎర్రగా లేకపోతే నిరాశ పడేది. ఆ నిరాశకు తనకు తానే ఒకసారి జడుసుకుని, సూది వేలికి గుచ్చుకుంది. అయినా చూడడం మానలేదు.

ఒక ఉదయాన స్టేషను మెట్ల మీదకు వచ్చిన ఇన్‌స్పెక్టరు ఛాతీ మీద ఎర్ర దీపం ఉంది. గొడుగు మామయ్య దాన్ని చూసే, "ఇవాళ ఎండే" అని ప్రకటించి, గొడుగులన్నీ కాలిబాట మీద విప్పి ఆరబెట్టాడు. పై అధికారి కారు ఆ దారిన రానున్నదట. ఇన్‌స్పెక్టరు రోడ్డు దాటి వచ్చాడు.

"తీసేయండి పెద్దాయనా, దారికి అడ్డం" అన్నాడు, కెమెరాకు వినిపించేలా.

"తీస్తాను సార్. తడిగా ఉన్నాయి, ఒక్క చిటిక. మీరు దీపం పెట్టుకుని వచ్చారు కదా, మాకేం భయం" అన్నాడు గొడుగు మామయ్య నవ్వుతూ. వెనకనున్న ముగ్గురు కానిస్టేబుళ్ళలో ఒకడు కూడా నవ్వాడు.

టక్కుమంది. మూత పడింది.

కత్తెరమ్మకు మిషను మీదనుంచే ఆ చప్పుడు వినిపించింది. కాలు ఆగిపోయింది. లేచి అరవడానికి సమయం ఉంది. ఆమె అరవలేదు. మొదటి దెబ్బ పడింది. 'దొరికాడు' అనుకుంది. నోట్లో తీపి తగిలినట్టయింది. కాని ఇన్‌స్పెక్టరు అక్కడితో ఆగలేదు. ముసలాయన గొడుగుల మీద పడ్డాడు. బూటుకాలు లేచింది, దిగింది, మళ్ళీ లేచింది. ఇనుపచువ్వలు విరిగిన చప్పుడు, దానితో పాటు ముసలాయన చేసిన చిన్న చప్పుడు. కత్తెరమ్మ ఎప్పుడు మెట్టు దిగిందో ఆమెకే తెలియదు. చేతిలో పెద్ద కత్తెర ఉంది. ఇద్దరి మధ్యా నిలబడి అడిగింది.

"ఏం సార్, కాలరు బిగుతుగా ఉందా?"

ఇన్‌స్పెక్టరు కాలు గాలిలో ఆగింది. ఆమె ముఖం, కత్తెర, గుమ్మంలో నిలబడిన మాష్టారు, అన్నీ ఒకసారి చూశాడు. కాలు దించి, టోపీ సవరించుకుని, రోడ్డు దాటి వెళ్ళిపోయాడు. అవతలికి చేరాక మూత పైకెత్తి బటన్ నొక్కుకున్నాడు.

గొడుగు మామయ్యను దుకాణంలో ఇస్త్రీబల్ల మీద పడుకోబెట్టారు. పక్కటెముక ఒకటి చిట్లింది. నుదుటికి కట్టు కట్టించుకుని వచ్చాక కత్తెరమ్మ చెప్పింది, "ఫిర్యాదు రాయి మామయ్యా."

"ఎందుకూ? నీ మొగుడి ఫిర్యాదు ఏమయిందో చూడలా? నేనూ కాలు జారిపడ్డానంటారు. గొడుగులవాడికి వానలో జారడం మామూలే అంటారు."

"ఈసారి అలా కాదు. రాయి."

"మూతేసుకున్నాడు కోడలా! నా కళ్ళారా చూశాను."

"మూత నేనే కుట్టాను. దాన్లోంచి కనపడుతుంది."

ముసలాయన ఆమెను తేరిపార చూశాడు. "అయితే వీడు ఎవర్నో కొడతాడని నీకు ముందే తెలుసు."

"తెలుసు."

"నన్నని తెలుసా?"

"ఎవరో ఒకరని తెలుసు."

"ఎవరో ఒకరు!" అని నవ్వబోయి, పక్క పట్టేసి ఆగాడు. "అంటే నీ పగకి గుడ్డ కావలసొచ్చి, నా చర్మం కత్తిరించావన్నమాట. కొలతలైనా తీసుకోలేదు కదే."

కత్తెరమ్మ తల దించుకోలేదు. "తప్పే మామయ్యా. నీ దగ్గర తప్పే. వాడి దగ్గర కాదు."

"కాయితం తీసుకురా" అన్నాడు ముసలాయన. "నీ కోసం కాదు. నా గొడుగుల కోసం."

విచారణ జరిగింది. ముగ్గురు కానిస్టేబుళ్ళూ పాత పలుకే పలికారు. ముసలాయన తడిగొడుగు మీద కాలు వేసి జారిపడ్డాడట. వారి మాటలన్నీ పూర్తిగా రాసుకున్న తరువాత అధికారులు రికార్డింగు పెట్టించారు. పొగచూరిన అద్దంలో లాగా, మసకగా, ఒక ముసలాయన నవ్వడం, ఒక చెయ్యి లేవడం, ఒక బూటు లేవడం, ఒక ఆడమనిషి కత్తెరతో అడ్డం రావడం గోడ మీద కనిపించాయి. ఆ సంగతి చెప్పడానికి పరిశోధకురాలు పరుగున వచ్చింది.

"మూతేసి ఉన్నా బొమ్మ వచ్చింది ఆంటీ! సగం మంది కెమెరా గొప్పదంటున్నారు, సగం మంది గుడ్డ చవకదంటున్నారు." ఆమె ముక్కాలిపీట లాక్కుని కూర్చుంది. "మీరే కదా కుట్టారు?"

"నేనే."

"నేను ఇది మా వాళ్ళకి చెప్పాలి. మూత ఉన్న రోజుల్ని కెమెరా ఉన్నట్టు లెక్కెయ్యాలా, లేనట్టు లెక్కెయ్యాలా అని వాళ్ళు తల పట్టుకుంటారు."

"చెప్పు తల్లీ. నేనేం దాచను. కెమెరా ఉందని మనకు తెలుసు, లేదని వాడికి తెలుసు. ఆ రోజుల్ని మీరు ఏ గళ్ళో వేసుకుంటారో వేసుకోండి."

ఇన్‌స్పెక్టరును ఉద్యోగం నుంచి తొలగించారు. యూనిఫాంను భుజాల మీది నక్షత్రాలూ, పేరు పట్టీ విప్పి, గుడ్డ చిరగకుండా స్టేషనులో అప్పగించాలన్నది అక్కడి నియమం. అలా విప్పగలిగిన దుకాణం ఆ చుట్టుపక్కల ఒక్కటే ఉంది. మాసిన రంగు చొక్కా వేసుకుని, యూనిఫాం చంకలో పెట్టుకుని అతను గుమ్మంలోకి వచ్చాడు. మూత సంగతి అతనికి అప్పటికి తెలిసిపోయింది. కళ్ళతో నిప్పులు చెరుగుతున్నాడు గానీ, స్టేషను మెట్ల మీద పాత కానిస్టేబుళ్ళు ముగ్గురూ నిలబడి చూస్తున్నారు. ఒకడి ఛాతీ మీద ఎర్ర దీపం మిణుకుమంటోంది. అతని ఛాతీ మీద ఏమీ లేదు.

"ఇవి విప్పాలి" అన్నాడు.

"విప్పే పని మాష్టారిది. ఆయన్ని అడగండి" అంది కత్తెరమ్మ, తలెత్తకుండా.

అతను మాష్టారి వైపు తిరిగి, "విప్పు" అన్నాడు. మాష్టారు గుండీ కుడుతూనే ఉన్నాడు.

"అటు పక్క వినపడదు సార్. మీకు తెలియందా? కుడివైపుకి వెళ్ళండి. గట్టిగా అడగాలి. దీపమున్న రోజున అడిగినట్టు అడగండి."

అతను స్టేషను మెట్ల వైపు ఒకసారి చూశాడు. బల్ల చుట్టూ తిరిగి కుడివైపుకు వెళ్ళి, వంగి, వీధి వీధంతా వినిపించేలా అరిచాడు.

"మాష్టారుగారూ! ఈ నక్షత్రాలు విప్పండీ!"

రోడ్డు మలుపు దగ్గర గొడుగు మామయ్య తల తిప్పి చూశాడు. దెబ్బలు మానిన తరువాత ఆయన తన చాపను కత్తెరమ్మ మెట్టు పక్క నుంచి తీసి అక్కడికి మార్చుకున్నాడు. ఆమెతో మాట్లాడడం లేదు. చేతిలోని గొడుగును ఒకసారి విప్పి, మూసి, మళ్ళీ పనిలో పడ్డాడు. కత్తెరమ్మ ఆ దూరాన్ని చూసింది. అది తాను కొనుక్కున్న దూరమేనని ఆమెకు తెలుసు. తిరిగి చూపు గదిలోకి తెచ్చుకుంది.

మాష్టారు కళ్ళజోడు సవరించుకున్నాడు. యూనిఫాం అందుకోవడానికి బదులు తన మెడలోని టేపు తీశాడు. ఎందుకో ఎవరికీ అర్థం కాకముందే దాన్ని ఆ మనిషి మెడకు చుట్టి, అంకె మీద బొటనవేలు పెట్టి, ముక్కు దగ్గరగా తెచ్చుకుని చూశాడు.

"మెడ పెరిగింది సార్" అన్నాడు.

మెట్ల మీద ఉన్న ముగ్గురిలో ఒకడు ఫక్కున నవ్వాడు.

ఇన్‌స్పెక్టరు చెయ్యి లేవలేదు. మాష్టారు టేపు తీసేసి, అప్పుడు యూనిఫాం అందుకుని భార్య ఒళ్ళోకి తోశాడు. ఆ నక్షత్రాల కుట్లు ఆమె వేసినవే. ఒక కొస పట్టుకుని లాగితే మొత్తం దారం ఒక్కసారిగా ఊడి వచ్చేటట్టు వేసినవి. కత్తెరమ్మ అలా లాగలేదు. "కూర్చోండి సార్, టైము పడుతుంది" అని ముక్కాలిపీట చూపించి, బ్లేడుముక్క తీసుకుని, వెలుతురుకు తిరిగి, ఒక్కొక్క పోగునే వెతికి పట్టుకుని, తెంపడం మొదలుపెట్టింది.